మావయ్యగారి హ్యాండికాప్

మావయ్యగారి ఫోను టింగుమన్నప్పుడు అత్తయ్యగారు నా పెసరట్టులో రెండో గరిటె ఉప్మా పెడుతున్నారు. నేను వద్దంటూనే ఉన్నాను, నా పళ్ళెం మాత్రం ముందుకే జరుగుతోంది. పెళ్ళయి యాభై రెండు రోజులైంది. ఈ ఇంట్లో పొద్దున్న పూట ఆ పెసరట్టు వాసనకి మెలకువ రావడం నాకు ఇంకా పండగలాగే ఉంది.

"వచ్చేసిందమ్మా ఇంద్రజా!" అని మావయ్యగారు కుర్చీలోంచి లేచిపోయారు. భుజం మీది తువ్వాలు అల్లం పచ్చడిలో పడింది. ఆయన చూసుకోలేదు.

"ఏం వచ్చిందండి, తువ్వాలు పాడుచేసుకునేంతది?" అన్నారు అత్తయ్యగారు.

"హ్యాండికాప్! సంఘం వారు పంపారు. నాకు ఆరులా కనపడుతోంది. ఆరో అరవయ్యో, నువ్వు చూడమ్మా."

ఫోను అందుకుని పైకి చదివాను. గోదావరి తీర అమెచ్యూర్ గోల్ఫ్ సంఘం, కాకినాడ. శ్రీ దుర్గాప్రసాదరాజు గారికి. మీ క్లబ్బు నుంచి అందిన ఇరవై రెండు కార్డుల ఆధారంగా మీ హ్యాండికాప్ ఆరుగా నిర్ణయించడమైనది. మీ క్లబ్బులో ఇదే అతి తక్కువ నంబరు కనుక, వచ్చే ఆదివారం విశాఖ సంఘంతో జరిగే పోటీకి మీ క్లబ్బు తరఫున మీరు ఎంపికైనారు. అభినందనలు.

మావయ్యగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అరవై రెండేళ్ళ మనిషి, నలభై ఎకరాల రొయ్యల చెరువులు చూసుకునే మనిషి, పిల్లాడిలా అరచేత్తో కళ్ళు తుడుచుకున్నారు.

"ఇదంతా నీ చేతి చలవమ్మా" అన్నారు నాతో.

ఆ మాటలో ఎంత నిజం ఉందో ఆయనకి తెలియదు. నాకు తెలుసు. నోట్లో ఉన్న పెసరట్టు అక్కడే ఆగిపోయింది.

హ్యాండికాప్ అంటే ఏమిటో నాకూ పెళ్ళికి ముందు తెలియదు. ఒక మంచి ఆటగాడు మైదానం పూర్తి చేయడానికి కొన్ని దెబ్బలు పడతాయి కదా, మనకి వాటికంటే ఎన్ని ఎక్కువ పడతాయో చెప్పే అంకె అది. అంకె చిన్నదైతే ఆట పెద్దది. ఆరు అంటే చాలా పెద్ద ఆట. ఆ అంకెని ఎవరూ సొంతంగా చెప్పుకోకూడదు, సంఘమే ఇవ్వాలి. సంఘానికేమో మనం ఆడిన ప్రతి ఆట కార్డూ పంపాలి. మన కార్డు మనం రాసుకోకూడదు, పక్కన నడిచేవాళ్ళు రాయాలి.

మావయ్యగారి పక్కన నడిచేది నేను. ఆ ఇరవై రెండు కార్డులూ రాసింది నేను.

మా ఊరు భీమవరానికి ఎనిమిది కిలోమీటర్లు. సాగు ఆపేసిన పాత రొయ్యల చెరువుల మధ్య గట్లు వెడల్పు చేసి, గడ్డి పెంచి, తొమ్మిది గుంటలు తవ్వి, వాటిలో జెండాలు పాతి, మావయ్యగారూ ఆయన స్నేహితులూ కలిసి మూడేళ్ళ కిందట ఈ క్లబ్బు పెట్టారు. పదకొండు మంది సభ్యులు. మొదట్లో ఊళ్ళోవాళ్ళు గట్ల మీద కర్రలు పట్టుకుని తిరిగే ఈ పెద్దమనుషుల్ని చూసి పాములు కొడుతున్నారనుకున్నారట. అప్పుడు కాకినాడలో సంఘం ఉందని తెలిసింది. సంఘం వాళ్ళు వచ్చి రెండు రోజులు చక్రం తోసుకుంటూ గట్లన్నీ కొలిచారు, మైదానానికి ఎంత కష్టమో ఒక లెక్క కట్టారు, రూల్సు పుస్తకం ఇచ్చారు. శనివారాలు బళ్ళో పిల్లలకి ఆట నేర్పడానికి ఒక మేడంని పంపుతున్నారు. ఏ తగువొచ్చినా ఫోను చేస్తే తీరుస్తారు. ఒకసారి కొంగ బంతిని ముక్కున కరుచుకుని ఎగిరిపోతే, మావయ్యగారూ, క్లబ్బు సభ్యుడైన శ్రీనివాసరాజు గారూ గంటసేపు వాదించుకుని ఫోను చేశారు. "కొంగతో మనకి పేచీ వద్దండి. బంతి ముందున్న చోటే ఇంకోటి పెట్టుకుని ఆడుకోండి. శిక్ష లేదు" అని అవతలి నుంచి ఒక ఆవిడ గొంతు. ఆ రోజు నుంచి మావయ్యగారికి సంఘం అంటే సుప్రీంకోర్టు కంటే ఎక్కువ.

ఇంతకుముందు మావయ్యగారి కార్డు మా ఆయన హర్ష రాసేవారు. ఎనిమిది కొడితే ఎనిమిదే రాసేవారు. నాలుగు రోజులు చూసి మావయ్యగారు "నీకు లెక్క రాదురా" అని కార్డుల పుస్తకం లాక్కున్నారు. నేను కాపురానికొచ్చిన పదో రోజున, "కోడలు స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ" అని ఆ పుస్తకం నా చేతిలో పెట్టారు.

మొదటి రోజు నాకింకా గుర్తుంది. పొద్దున్న ఆరున్నర, గడ్డి మీద మంచు, నా కాళ్ళకి పారాణి ఛాయ పూర్తిగా పోలేదు. మావయ్యగారు బంతితో కూడా మర్యాదగానే మాట్లాడతారు. "వెళ్ళండి బాబూ, వెళ్ళండి... అయ్యో, అటు కాదండీ!" అంటుండగానే అది చెరువులో పడింది. ఆయన మూడో దెబ్బ దాకా లెక్కపెట్టుకుంటారు, ఆ తర్వాత బంతిని బతిమాలుకోవడంలో లెక్క మరిచిపోతారు. జెండా దగ్గరికి చేరాక నావైపు తిరిగి "ఎన్నమ్మా?" అన్నారు.

ఎనిమిది. నేను కళ్ళారా చూశాను.

కానీ మా రాజమండ్రి ఇంట్లో అమ్మ నన్ను పెంచిన పద్ధతి ఒకటుంది. పెద్దవాళ్ళకి గారెలు వడ్డించేటప్పుడు ఎన్ని తిన్నారో లెక్కపెట్టకూడదు. ఎవరైనా అడిగితే "ఎక్కడండీ, రెండు కూడా తినలేదు" అనాలి. ఇరవై నాలుగేళ్ళు అలా పెరిగినదాన్ని, పది రోజుల కొత్త కోడల్ని, మావయ్యగారి ముఖంలోకి చూసి ఎనిమిది అని ఎలా అంటాను?

"అయిదండి" అన్నాను.

"అయిదేనా? బాగుందే!" అన్నారాయన. అంతే. ఆ రోజు నుంచి గారెలు వడ్డించినట్టే కార్డు రాశాను. ఇరవై రెండు కార్డులు.

ఇప్పుడు ఆదివారం నాడు ఈయన కాకినాడలో విశాఖపట్నం ఆటగాళ్ళ ఎదుట, వందమంది చూస్తుండగా, ఆరు నంబరు మనిషిగా నిలబడాలి. అక్కడ "అయిదండి" అనడానికి నేనుండను. నిజం చెబితే ఈ రోజే ఆయన ముఖం వాడిపోతుంది, నా మీది ఆ మురిపెం కూడా పోతుంది. చెప్పకపోతే ఆదివారం అందరి ముందూ ఆయన పరువే పోతుంది.

నేను ఈ ఆలోచనలో ఉండగానే మావయ్యగారు ఊరంతటికీ ఫోన్లు మొదలుపెట్టారు. క్లబ్బులో అందరికన్నా చిన్నవాడైన బ్యాంకు సుకుమార్ గారికి చేసి, "ఆదివారం నాతో రండి సుకుమార్ గారూ. నా బ్యాగ్ పట్టుకుని పక్కన నడిస్తే మీకూ నాలుగు మెళకువలు తెలుస్తాయి" అన్నారు. సుకుమార్ గారి హ్యాండికాప్ పద్నాలుగు. క్లబ్బులో అందరికంటే వెనకబడ్డ నంబరు. అందరికీ ఆయనంటే జాలి.

తొమ్మిదింటికి కాకినాడ నుంచి ఫోనొచ్చింది. మావయ్యగారు స్పీకర్ నొక్కారు.

"రాజుగారాండి? నేను సంఘంలో హ్యాండికాప్‌లు చూసే ప్రసన్నకుమారినండి." కొంగ తగువు తీర్చిన గొంతే. "మా సంఘం మొత్తం మీద పదిలోపు నంబరున్నవాళ్ళు పద్నాలుగు మందండి. అందులో పదిమంది మీ చెరువు గట్టు మీదే ఉన్నారు."

"మా నీళ్ళు అలాంటివండి" అన్నారు మావయ్యగారు గర్వంగా.

"అదేనండి, ఆ నీళ్ళే ఒకసారి చూద్దామని. ఇవాళ నాలుగింటికి వస్తున్నాను. మీరు తొమ్మిది హోల్సూ ఆడాలి, నేను పక్కన నడుస్తాను. కార్డు రాసే అమ్మాయి కూడా ఉండాలండి."

ఫోను పెట్టేసి మావయ్యగారు అత్తయ్యగారిని పిలిచారు. "రత్నం! సన్మానానికి వస్తున్నారు. శాలువా ఒకటి తెప్పించు."

"వచ్చే ఆవిడకా, మీకా?"

"ఇద్దరికీ తెప్పించు. ఎవరు ముందు కప్పితే వాళ్ళు."

మధ్యాహ్నం హర్షకి కేరేజీ ఇచ్చే వంకతో స్కూటీ తీశాను. భీమవరంలో ఆయనకి రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబు ఉంది. వరసగా సీసాలు, ఒక్కో సీసా మీద ఒక్కో రైతు పేరు. మామూలుగా ఆ సీసాల మధ్య తెల్లకోటులో ఆయన్ని చూస్తే నాకు నవ్వూ సిగ్గూ కలిసి వస్తాయి. సాయంత్రాలు గట్టు మీద నాకు గోల్ఫ్ కర్ర పట్టుకోవడం నేర్పే మిషతో వెనక నిలబడి చేతులు పట్టుకుంటారు. నెల రోజులుగా కర్ర పట్టుకోవడం దగ్గరే ఉన్నాం, పాఠం ముందుకు వెళ్ళడం మా ఇద్దరికీ ఇష్టం లేదు. ఇవాళ మాత్రం కేరేజీ బల్ల మీద పెట్టి, నిలబడే అంతా చెప్పేశాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి స్టూలు మీంచి జారారు.

"ఇందూ, నువ్వు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ కదా!"

"నవ్వకండి. నాకు ఏడుపొస్తోంది."

"కాదు, నాన్నగారి రెండో హోల్‌కి నువ్వు మూడు అని రాసిన రోజు నేను చూశాను. ఆయన ఆ రోజు మూడు బంతులు చెరువులోనే పారేశారు. నేను అనుకున్నానూ, మా ఆవిడకి నాన్నగారంటే ఎంత ప్రేమో అని."

"మరి నాకు చెప్పొద్దా?"

"కొత్త పెళ్ళికూతురివి, తప్పు రాశావని ఎలా అంటాను?" అన్నారాయన.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఈ మర్యాద జబ్బు నా ఒక్కదానిదే కాదు.

"చెప్పేయ్ ఇందూ" అన్నారు చివరికి, కేరేజీ మూత తీస్తూ. "ఆవిడ వచ్చేలోగా చెప్పేయ్. ఆవిడ నోటితో వినడం వేరు, నీ నోటితో వినడం వేరు." ఆ తర్వాత వంకాయ కూర ముద్ద కలిపి నా నోట్లో పెట్టారు. ధైర్యానికట.

ఇంటికెళ్ళాక మూడు సార్లు ప్రయత్నించాను. మొదటిసారి మావయ్యగారు తెల్లటోపీ పెట్టుకుని అద్దం ముందు నిలబడి ఉన్నారు. "మావయ్యగారూ, ఒక మాటండి" అన్నాను. "టోపీ వంకరగా ఉందా అమ్మా?" అన్నారు. సరిచేసి వచ్చేశాను. రెండోసారి ఆయన శ్రీనివాసరాజు గారితో ఫోనులో ఉన్నారు. మూడోసారి "మావయ్యగారూ, ఆ కార్డులున్నాయి కదండీ..." అనేసరికి, "నాకు తెలుసమ్మా" అన్నారు.

నేను తలుపు రెక్క పట్టుకున్నాను.

"వాటిని ఫ్రేము కట్టిస్తాను. ఇరవై రెండూను. నీ దస్తూరీ ఎంత బాగుంటుందో!"

నాలుగింటికి ప్రసన్నకుమారి గారు దిగారు. సన్నటి మనిషి, నూలు చీర, కాళ్ళకి క్రీడాకారుల బూట్లు. పెద్దాపురం హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారట. చేతిలో గుప్పెట్లో పట్టేంత చిన్న యంత్రం. నొక్కినప్పుడల్లా టిక్కుమని ఒక అంకె పెరుగుతుంది.

అత్తయ్యగారు పూతరేకులూ కాజాలూ ఉన్న పళ్ళెంతో ఎదురెళ్ళారు.

"ఆట అయ్యేదాకా ఏమీ ముట్టనండి" అన్నారావిడ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని. "క్రితంసారి మైదానం కొలవడానికొచ్చినవాళ్ళకి మీరు పెట్టిన భోజనం గురించి మా ఆఫీసులో ఒక ఫైలుంది. భోజనం ముందు కొలిచిన హోల్సన్నీ కరెక్టు. భోజనం తర్వాత కొలిచినవన్నీ ఇరవై గజాలు తక్కువ."

మావయ్యగారు శాలువా తీశారు. "అదీ తర్వాతేనండి" అన్నారావిడ.

మొదటి గట్టు మీదికి నడిచాం. మావయ్యగారు, ప్రసన్నకుమారి గారు, కార్డుతో నేను. హర్ష పని ముగించుకుని వచ్చి కాస్త దూరంగా నిలబడ్డారు. అత్తయ్యగారు కాఫీ ఫ్లాస్కు పట్టుకుని అవతలి గట్టు నుంచి నెమ్మదిగా వస్తున్నారు. ఇంకా చెప్పలేదా అన్నట్టు హర్ష కనుబొమలు ఎగరేశారు. నేను తల అడ్డంగా ఊపాను.

మావయ్యగారు బంతికి దణ్ణం పెట్టి కర్ర ఊపారు.

"వెళ్ళండి బాబూ, సంఘం వారు చూస్తున్నారు, నిదానంగా... అయ్యో, అయ్యో, ఆగండీ!"

బంతి ఆగలేదు. చెరువులో పడి, ఒక కొంగ లేచింది. టిక్కు. చెరువులో పడ్డందుకు అదనంగా ఇంకో టిక్కు. కొత్త బంతి వేశారు. అది గట్టు దిగి కొబ్బరిచెట్టు వెనక్కి పోయింది. టిక్కు. చెట్టు చాటు నుంచి "దయచేయండి" అని వినపడింది కానీ బంతి రాలేదు, తర్వాత వచ్చింది. అలా అలా జెండా దాకా వెళ్ళి, గుంట చుట్టూ ఉన్న నున్నటి గడ్డి మీద అటొకటి ఇటొకటి కొట్టి, చివరికి బంతి గుంటలో పడింది.

మావయ్యగారు టోపీ సర్దుకుని, రోజూలాగే, నావైపు తిరిగారు.

"ఎన్నమ్మా?"

ప్రసన్నకుమారి గారు యంత్రాన్ని గుప్పెట మూసి నన్ను చూస్తున్నారు. ఆ చూపు నాకు తెలుసు. పరీక్ష హాల్లో పక్క పేపరు వైపు వంగిన పిల్లని టీచర్లు అలాగే చూస్తారు.

"మావయ్యగారూ..." కళ్ళు మూసుకుని అన్నాను. "తొమ్మిదండి."

ఎక్కడో చెరువులో నీళ్ళు చిమ్మే యంత్రం తిరుగుతున్న చప్పుడు.

"పది" అని ఇంకో గొంతు వినపడింది.

అందరం అటు చూశాం. అత్తయ్యగారు ఫ్లాస్కు మూత తిప్పుతున్నారు.

"చెట్టు వెనకాల ఒకసారి ఊపారు, తగల్లేదు. నువ్వు ఇటున్నావు, నీకు కనపడలేదమ్మా. నేను అటునుంచి వస్తున్నాగా. అదీ దెబ్బేనాండి మేడం?"

ప్రసన్నకుమారి గారు గుప్పెట తెరిచారు. యంత్రం మీద పది ఉంది.

"కొట్టాలని ఊపితే తగలకపోయినా దెబ్బేనండి" అన్నారు.

మావయ్యగారు నన్నూ, అత్తయ్యగారినీ, యంత్రాన్నీ మార్చి మార్చి చూశారు. "పదా? మరి... రోజూ ఇక్కడ అయిదేగా?"

ఇక ఆపుకోలేకపోయాను. మొదటి రోజు నుంచి మొత్తం చెప్పేశాను. గారెల సంగతి కూడా చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. "తప్పు నాదే మావయ్యగారూ. మీకు ఎనిమిదని చెప్పడానికి నాకు నోరు రాలేదండి."

ఆయన గడ్డి మీద కూలబడ్డారు. తెల్లటోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నేను ఏది జరగకూడదని పొద్దున్నుంచీ భయపడ్డానో అదే నా కళ్ళముందు జరిగింది. ఆయన ముఖం వాడిపోయింది.

"రత్నం, నీకు తెలుసా?" అన్నారు తలెత్తి.

"డాబా మీద వడియాలు పెట్టుకుంటూ రోజూ చూస్తూనే ఉన్నానండి."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా."

ప్రసన్నకుమారి గారు ఆయన పక్కనే గడ్డి మీద కూర్చున్నారు. సంచీలోంచి క్లబ్బు సభ్యుల జాబితా తీశారు.

"రాజుగారూ, శ్రీనివాసరాజు గారికి ఏడు ఉంది. ఆయన కార్డులు ఎవరు రాస్తారు?"

మావయ్యగారు గొంతు సవరించుకున్నారు. "నేనేనండి."

"సరిగ్గా రాస్తారా?"

"ఆయన మా పెదనాన్నగారి అబ్బాయండి. నాకంటే రెండేళ్ళు పెద్ద. అన్నయ్యని పట్టుకుని పదకొండు అని ఎలా రాస్తానండి?" అనేసి, ఆయనే ఆగిపోయారు. మెల్లగా నావైపు చూశారు. నేను ముక్కు తుడుచుకుంటూ ఆయన వైపు చూశాను.

హర్ష చెరువు వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుకుంటున్నారు.

"అదేనండి సంగతి" అన్నారు ప్రసన్నకుమారి గారు. "ఇక్కడ పెద్దవాళ్ళ కార్డు చిన్నవాళ్ళు రాస్తారు. పదిమందికీ అంతే. ఒక్క సుకుమార్ గారికే ఆయనకన్నా చిన్నవాళ్ళు లేరు. ఆయన కార్డు మీరంతా రాస్తారు. ఆయన దగ్గర మీకెవరికీ మొహమాటం లేదు. ఈ జాబితా మొత్తంలో నేను నమ్మేది ఆ పద్నాలుగు ఒక్కటేనండి."

అది అర్థం కావడానికి మావయ్యగారికి కొంచెంసేపు పట్టింది. "అంటే మా అందరిలోకీ బాగా ఆడేది... సుకుమారా?"

"అవునండి."

"నిన్ననే కర్ర ఎలా పట్టుకోవాలో చెప్పానే ఆయనకి! పాపం, శ్రద్ధగా విన్నారు కూడాను."

అత్తయ్యగారు కాఫీ పోసి గ్లాసు అందించారు. ఆయన తాగలేదు. మైదానం వైపు చూస్తూ, "ఆటలో మనిషికి మర్యాద లేకపోతే ఎలాగండి?" అన్నారు. చిన్నబోయిన గొంతు.

"ఉందండి. మీరు రూల్సు పుస్తకంలో ఆ పేజీ చదవలేదు" అన్నారు ప్రసన్నకుమారి గారు. "మిగిలిన ఎనిమిది హోల్సూ ఆడి రండి, చెబుతాను."

ఆడారు. నేను ప్రతి జెండా దగ్గరా పైకి చెప్పాను. ఏడండి. ఆరండి. ఎనిమిదండి. మొదట్లో ఒక్కో అంకెకీ ఆయన భుజం కొంచెం కిందికి దిగేది. అయిదో హోల్‌కి మాత్రం నాలుగే పడ్డాయి. నిజంగా నాలుగే. నేను ఎగిరి గంతేసి "నాలుగండి మావయ్యగారూ, నాలుగు!" అని అరిచాను. కొత్త కోడలు గట్టు మీద గంతులేయడం ఆ ఊళ్ళో అదే మొదటిసారేమో. ఆయన అనుమానంగా అత్తయ్యగారి వైపు చూశారు.

"నాలుగే" అన్నారు అత్తయ్యగారు.

అప్పుడు చూడాలి ఆయన్ని. పొద్దున్న ఆరు చూసినప్పటి సంతోషం కంటే ఇది వేరుగా ఉంది. ఈసారి కేకలు లేవు, ఫోన్లు లేవు. గుంటలోంచి బంతిని తీసి, తువ్వాలుతో తుడిచి, జేబులో పెట్టుకున్నారు. అప్పటిదాకా ముట్టని కాఫీ అప్పుడు తాగారు.

తొమ్మిది హోల్సూ కలిపి అరవై ఒకటి. ప్రసన్నకుమారి గారు కాగితం మీద ఏదో వేసి చెప్పారు. "మూడు నాలుగు నిజం కార్డులొస్తే, పద్దెనిమిది హోల్స్ లెక్కన మీ హ్యాండికాప్ నలభై ఎనిమిది దాకా రావచ్చండి."

"ఆరు నుంచి నలభై ఎనిమిదా!"

"వినండి మరి. విశాఖ నుంచి వచ్చే ఆయనకి అయిదు అనుకోండి. మీకు నలభై ఎనిమిది. మీరిద్దరూ ఆడితే ఆయన మీకు నలభై మూడు దెబ్బలు వదిలేయాలి. మీ దెబ్బల్లోంచి అన్ని తీసేశాకే ఎవరు గెలిచారో చూస్తారు."

మావయ్యగారు నిటారుగా అయ్యారు. "నలభై మూడు? ఊరికే?"

"ఊరికేనండి. రూలు."

"వాళ్ళేమీ అనుకోరా?"

"అనుకోరు. సంఘం ఉన్నదే అందుకండి. పెద్దా చిన్నా, ఆట వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ సమానంగా ఆడుకోవడానికి. మర్యాద మేం చేస్తాం రాజుగారూ. మీరు లెక్క మాత్రం సరిగ్గా పంపండి చాలు."

మావయ్యగారు తెల్లటోపీ సరిచేసుకున్నారు. తర్వాత అత్తయ్యగారితో, "విన్నావా రత్నం? నలభై మూడట. మన ఊళ్ళో కూడా ఇంత మర్యాద లేదు" అన్నారు.

ఆ తర్వాత ఫోను తీశారు. స్పీకర్ నొక్కలేదు కానీ గొంతు ఎలాగూ అందరికీ వినపడుతుంది. "సుకుమార్ గారూ, ఆదివారం మీరు నా బ్యాగ్ మోయక్కర్లేదండి... కాదు కాదు, మీరు రావాలి. ఆడేది మీరు. సంఘం వారు చెప్పారు. బ్యాగ్ నేను మోస్తాను... అలా అనకండి, నాకూ నాలుగు మెళకువలు తెలుస్తాయి."

ప్రసన్నకుమారి గారు అప్పుడు పూతరేకు తీసుకున్నారు. రెండోది అత్తయ్యగారే చేతిలో పెట్టారు. మూడోది ఎవరు పెట్టారో నేను చూడలేదు. శాలువా విషయంలో మాత్రం పేచీ వచ్చింది. ఆవిడ వద్దన్నారు, మావయ్యగారు వదలలేదు, చివరికి అది హర్ష మెడలో పడింది. రొయ్యల వాసనొచ్చే చొక్కా మీద జరీ శాలువాతో మా ఆయన ఎంత బాగున్నారో రాయాలంటే ఇంకో కథ అవుతుంది.

సూర్యుడు కొబ్బరిచెట్ల వెనక్కి దిగుతుంటే మావయ్యగారు నన్ను పిలిచారు. నేను తల వంచుకుని వెళ్ళాను.

"ఇరవై రెండు సార్లు నాకు అబద్ధం చెప్పావు" అన్నారు.

"తప్పేనండి."

"ఇవాళ తొమ్మిదని చెప్పడానికి కళ్ళు మూసుకున్నావు. నేను చూశాను."

నేను చేతిలోని కార్డు వెనక్కి పెట్టుకున్నాను.

"రేపు కళ్ళు తెరుచుకుని చెప్పాలి. నాక్కాదు. శ్రీనివాసరాజు గారికి. మావయ్యకే చెప్పగలిగినదానివి, పెదమావయ్యకి చెప్పలేవా?"

"నేనాండి? ఆయన కర్ర పట్టుకుని ఉంటారు కదండీ!"

"అందుకే నిన్ను పంపేది. కొత్త కోడల్ని ఏమీ అనలేరు." ఆయన మీసాల కింద నవ్వు కనిపించింది.

క్లబ్బు వాట్సాప్ గ్రూపులో మైకు నొక్కి, బంతితో మాట్లాడే ఆ గొంతుతోనే మొదలుపెట్టారు. "సభ్యులందరికీ నమస్కారమండి. దుర్గాప్రసాదరాజుని. రేపు ఉదయం ఆరింటికి అందరూ దయచేయాలి. సుకుమార్ గారివి తప్ప మన పాత కార్డులన్నీ సంఘం వారు రద్దు చేశారు. మళ్ళీ మొదటి నుంచి ఆడదాం. సుకుమార్ గారి కార్డు మామూలుగానే మనం రాద్దాం. మిగిలిన పదిమందివీ మనలో చిన్నవాళ్ళు రాయరు. అన్నయ్యగారిది ఒక్కటీ మా ఇంద్రజ రాస్తుంది, మిగతావారివి ఎవరి కార్డు వారి ఇంట్లోవాళ్ళు రాస్తారు. ఆడవాళ్ళని తప్పకుండా తీసుకురండి. మొదటి బంతి నాది, కార్డు మా రత్నమాణిక్యానిది."

"ఆరింటికి కాదండి, అయిదున్నరకి" అన్నారు అత్తయ్యగారు ఫోను మీదికి వంగి. "మీ అందరివీ లెక్కపెట్టేసరికి ఎండెక్కుతుంది."